తిరుపతి రుయా ఆసుపత్రి మార్చురీలో పోస్టింగ్ మొదలయ్యే ముందు

పాపా,

ఓరల్ పెథాలజీ (నోటి, పళ్ళ జబ్బులు తేల్చే చదువు) పీజీలో ఫోరెన్సిక్ పోస్టింగ్ పడిందని, రుయా మార్చురీకి పోవాలంటే టెన్షన్‌గా ఉందని మీ నాన్న చెప్పాడు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాసి పంపిస్తున్నా. పుస్తకాల్లో ఉన్నది నువ్వెలాగూ చదువుకుంటావు. నేను చెప్పేది చేతికి రావాల్సిన పని గురించి, అంటే పళ్ళని చూసి చనిపోయినవాళ్ళు ఎవరో గుర్తుపట్టడం, వయసు అంచనా వేయడం లాంటివి.

కంటికి కనబడింది రాయడం ఒక పని, దాన్నిబట్టి అభిప్రాయం చెప్పడం ఇంకో పని. ఈ రెండూ కలిపేశావంటే నీ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. మిగతా అన్నీ దీని తర్వాతే.

మన ఊరికి ఈ పని ఎంత అవసరమో ఆలోచించు. కొండకి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రైలు పట్టాల మీదో, బస్టాండు పక్కనో ఎవరైనా చనిపోతే జేబులో టికెట్టు తప్ప ఇంకేమీ దొరకకపోవచ్చు. ఎండాకాలంలో ముఖం గుర్తుపట్టలేనట్టు అయిపోవడానికి ఎక్కువ టైమ్ పట్టదు, వేలిముద్రలూ చెడిపోతాయి, పళ్ళు మాత్రం ఉంటాయి, ఎందుకంటే పంటి పైపొర ఎనామెల్ కన్నా గట్టిది మన ఒంట్లో ఏదీ లేదు. ఇంటర్‌పోల్ వాళ్ళు గుర్తింపుకి ప్రధానమని పెట్టుకున్న మూడింటిలో వేలిముద్రలు, డీఎన్ఏతో పాటు పళ్ళు కూడా ఉన్నాయి. ఎక్కడో సోలాపూర్‌లో ఒక తల్లి కొడుకు తిరిగొస్తాడని ఎదురుచూస్తూ ఉంటే ఆమెకి నిజం తెలిసేది ఒక్కో పన్నూ ఎలా ఉందో చూసి నువ్వు నింపిన చార్టు వల్లే కావచ్చు. అది మనసులో పెట్టుకుని పని చెయ్యి.

చార్టింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్తా, పీజీలు తేలిగ్గా తీసుకునేది దీన్నే. క్లినిక్‌లో రోజూ చేసేదే కదా అనుకుంటారు. మార్చురీలో నువ్వు నిలబడే వైపు మారుతుంది, లైటు చాలదు, దవడ బిగుసుకుని ఉంటుంది, కుడి ఎడమా తారుమారు కావడం చాలా సులువు. అందుకని ఇద్దరు కలిసి చెయ్యండి, ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి, అయిపోయాక చోట్లు మార్చుకుని మొదటి నుంచి మళ్ళీ చూడాలి. పళ్ళ నంబర్లు ఎఫ్‌డీఐ పద్ధతిలో (మొదటి అంకె నోట్లో ఏ పావు భాగమో, రెండోది అందులో ఎన్నో పన్నో చెప్తుంది) 'ఒకటి, ఆరు' అని విడివిడిగా పలకాలి, 'పదహారు' అనొద్దు. ఎఫ్‌డీఐలో 16 అంటే పైన కుడివైపు మొదటి దవడ పన్ను, అమెరికా వాళ్ళ లెక్కలో 16 అంటే పైన ఎడమవైపు జ్ఞానదంతం.

పన్ను లేకపోతే 'లేదు' అని రాసి వదిలెయ్యొద్దు. ఎప్పుడు పోయిందో చిగుళ్ళ కింద ఎముక చెప్తుంది. బతికుండగా పీకించుకున్నదైతే గుంత ఎముకతో పూడిపోయి అంచులు నున్నగా ఉంటాయి. చనిపోయాక ఊడిందైతే గుంత ఖాళీగా, అంచులు పదునుగా, వేలు పెడితే తగిలేటట్టు ఉంటుంది. ముందు పళ్ళకి ఒకటే వేరు కాబట్టి శవం కదిలించేటప్పుడు అవి రాలిపోతుంటాయి, సంచి అడుగున, బట్టల మడతల్లో, కింద మట్టిలో ఓపిగ్గా వెతకాలి. పంటి రంగులోనే ఉండే ఫిల్లింగ్ మామూలు లైటులో కనబడదు, పన్ను శుభ్రంగా కడిగి, గాజుగుడ్డతో తుడిచి ఆరబెట్టి, యూవీ టార్చి వేసి చూడు, చాలా రకాలు వేరేగా మెరుస్తాయి.

దవడ తెరుచుకోకపోతే బలం పెట్టొద్దు, బిగుతు సడలేదాకా ఆగొచ్చా అని పోస్ట్‌మార్టం చేసే డాక్టర్‌ని అడుగు. దవడ కోసి తీయడం అనేది ఆయన అనుమతి, కేసు అవసరం రెండూ ఉంటేనే. ఆ ముఖాన్ని ఇంటివాళ్ళు చివరిసారి చూసుకోవాలి పాపా. కాలిపోయిన శవమైతే ఇంకా జాగ్రత్త, కాలిన పన్ను ముట్టుకుంటే పొడి పొడి అయిపోతుంది. ముందు ఫోటోలు, ఆ తర్వాత పళ్ళు కదలకుండా పట్టే పారదర్శకమైన లక్క లాంటిది పూసి, అప్పుడే కదిలించాలి. డీఎన్ఏ కోసం పన్ను తీయమంటే ఫిల్లింగ్ లేని, పుచ్చని దవడ పన్ను ఎంచుకో, ఫార్మలిన్‌లో మాత్రం వెయ్యొద్దు, డీఎన్ఏ పాడవుతుంది. కవరు మీద కేసు నంబరు, తేదీ, టైమ్, నీ సంతకం, ఎవరి చేతికి ఇచ్చావో అన్నీ అక్కడికక్కడే రాసెయ్.

ఇక పోల్చడానికి చనిపోక ముందటి రికార్డు కావాలి కదా, అసలు కష్టం అక్కడే. 1897లో పారిస్‌లో ఒక ఛారిటీ బజారు తగలబడినప్పుడు కాలిపోయినవాళ్ళలో చాలామందిని వాళ్ళ డెంటిస్టుల నోట్స్‌తోనే గుర్తుపట్టారు. మన దగ్గర ఎక్కువ క్లినిక్కుల్లో మందుల చీటీ తప్ప ఏమీ మిగలదు. కాబట్టి ఇంటివాళ్ళని అడగడం నేర్చుకో, అడిగే భాష కూడా వాళ్ళది కావాలి. 'రెస్టోరేషన్ ఉందా' అంటే బిక్కమొహం వేస్తారు. పంటికి సిమెంటు పెట్టించుకున్నాడా, నరం తీయించుకున్నాడా, క్యాప్ వేయించుకున్నాడా, చిన్నప్పుడు క్లిప్పులు పెట్టారా, కట్టుడు పళ్ళు ఇంట్లో ఏమైనా ఉన్నాయా, వక్కాకు నమిలేవాడా, ఇలా అడుగు. నవ్వుతూ దిగిన సెల్ఫీలు, పెళ్ళి ఫోటోలు అడుగు. ముందు పళ్ళ మధ్య సందు, వంకర, విరిగిన మూల ఫోటోలో తెలిసిపోతాయి. ఏడుస్తున్నవాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెల్లగా అడగాలి. పాత ఎక్స్‌రే ఏదైనా దొరికితే అదే కోణంలో నువ్వూ ఎక్స్‌రే తీసి పక్కపక్కన పెట్టి చూడు.

వయసు అంచనా కేసులు కూడా నీ దగ్గరికి వస్తాయి, వీళ్ళు బతికున్న పిల్లలు. పోలీసులు అడిగేది ఒకటే, పద్దెనిమిది నిండాయా లేదా అని. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 94 ప్రకారం ముందు స్కూల్ సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ వాళ్ళ బర్త్ సర్టిఫికెట్, రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. డెమిర్జియన్ అనే పరిశోధకుడు 1973లో కింది దవడ ఎడమవైపు ఏడు పళ్ళ ఎదుగుదలని ఏ నుంచి హెచ్ దాకా దశలుగా విడగొట్టింది ఫ్రెంచ్ కెనడా పిల్లల్ని చూసి. దానికి జ్ఞానదంతం కలిపి మన పిల్లలకి సరిపోయే ఫార్ములా 2011లో ధార్వాడ్ నుంచి డాక్టర్ ఆశిత్ ఆచార్య ఇచ్చారు, అది నేర్చుకో. పదహారు దాటాక ఇంకా పెరుగుతూ ఉండేది జ్ఞానదంతం ఒక్కటే, అది ఒక్కొక్కరిలో ఒక్కోలా పెరుగుతుంది. కాబట్టి 'ఇంత నుంచి ఇంత మధ్య' అని రాయాలి గానీ ఒకే అంకె వెయ్యకూడదు. ఎవరు తొందరపెట్టినా సరే. ఆ అంకె మీద ఒక పిల్లోడు జైలుకి పోతాడో, హోమ్‌కి పోతాడో తేలుతుంది.

కొరికిన గాట్ల విషయంలో ఇంకా ఆచితూచి మాట్లాడు. బాధితురాలి ఒంటి మీద గాటు కడగక ముందే, ఆమె ఒప్పుకుంటేనే, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన స్వాబ్‌తో ఒకసారి, పొడి స్వాబ్‌తో ఇంకోసారి తుడవాలి, రెండూ ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్ వద్దు. ఏబీఎఫ్ఓ (అమెరికా ఫోరెన్సిక్ డెంటిస్టుల బోర్డు) వాళ్ళ రెండో నంబరు కొలత స్కేలు గాటు పక్కన పెట్టి, కెమెరా నిటారుగా పట్టి ఫోటో తీయాలి. ఉమ్మిలో దొరికే డీఎన్ఏకే నేను ఎక్కువ విలువిస్తా. గాటు ఆకారం చూసి ఫలానావాడే అని చెప్పడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2009 రిపోర్టులోనే తప్పుపట్టింది. ఢిల్లీ నిర్భయ కేసులో సుప్రీంకోర్టు 2017 తీర్పులో పంటి గాట్ల సాక్ష్యాన్ని ఒప్పుకుంది నిజమే, కానీ దానితో పాటు డీఎన్ఏ, ఇతర సాక్ష్యాలూ ఉన్నాయి. ఆ తీర్పు చదువు, అంతేగానీ చూశారా అని దాన్నే ఉదాహరణగా పట్టుకోవద్దు.

పోస్టింగ్ మొదలయ్యేలోపు ఒక పని చెయ్యి. మీ డిపార్ట్‌మెంట్‌లో పాత ఓపీజీలు (రెండు దవడలూ మొత్తం ఒకేదాన్లో కనబడే ఎక్స్‌రేలు) ఉంటాయి, ఒకే పేషెంటువి ట్రీట్‌మెంట్‌కి ముందూ తర్వాతా తీసినవి జూనియర్ చేత పేర్లు మూయించి కలిపేయించు. ఏది ఎవరిదో జత కలుపు, ప్రతి జతకీ ఎందుకనుకున్నావో రాయి, 'చూస్తే అలా అనిపించింది' అని రాస్తే అది లెక్కలోకి రాదు. సర్జరీ వాళ్ళు పీకిన పళ్ళు, పేషెంటు వయసు రాసిపెట్టినవి తీసుకుని పలచగా అరగదీసి, పంటిలో వచ్చే మార్పుల్ని బట్టి వయసు అంచనా వేసే గుస్టాఫ్‌సన్ పద్ధతి చేసి చూడు. 1950 నాటి పద్ధతే గానీ అరుగుదల, వేరు పారదర్శకత కంటికి అలవాటు కావాలంటే దాన్ని మించింది లేదు.

మార్చురీలో పనిచేసే అన్నలకి మర్యాద ఇవ్వు, వాళ్ళు చూసినన్ని శవాలు మీ ప్రొఫెసర్లు కూడా చూసుండరు, ఏ సంచి ఎక్కడ పెట్టారో వాళ్ళకే తెలుసు. హెపటైటిస్ బి డోసులు పూర్తయ్యాయో లేదో ఈ రోజే చూసుకో, ఇంకా మిగిలి ఉంటే వెంటనే వేయించుకో. ఎన్95 మాస్కు, రెండు జతల గ్లోవ్స్ లేకుండా లోపలికి అడుగు పెట్టొద్దు. ఖాళీ కడుపుతో పోవద్దు. మొదటి కేసయ్యాక రాత్రికి ఫోన్ చెయ్యి, ఎంత లేటైనా ఎత్తుతా, చార్టు ఫోటో మాత్రం వాట్సాప్‌లో పెట్టొద్దు, నోటితో చెప్పు చాలు.

మీ అత్త