ఇంటర్ చదివే అమ్మాయికి రూ.30 వేలలో డెస్క్‌టాప్: ఏది కొనాలి, ఏది వద్దు?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీలో చేరింది. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లి వస్తోంది. బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ చదవాలన్నది తన కోరిక. ఇప్పటినుంచే కోడింగ్ నేర్చుకుంటానని కంప్యూటర్ అడుగుతోంది. నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది, రూ.30 వేల వరకు పెట్టగలను. మా ఊళ్లో కంప్యూటర్లు అమ్మే ఆయన ‘ఐ7, 8 జీబీ ర్యామ్, 500 జీబీ’ సెట్‌ను మానిటర్‌తో సహా రూ.15 వేలకే ఇస్తానంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అక్క కొడుకేమో రూ.70 వేలు పెట్టకపోతే కోడింగ్‌కు పనికిరాదంటున్నాడు. ఏడో తరగతి చదివే బాబు కూడా ఉన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జనగామ

సమాధానం: కోడింగ్ మొదలుపెట్టే ఇంటర్ విద్యార్థినికి రూ.70 వేల కంప్యూటర్ అవసరం లేదు. అలాగే మీకు చూపిస్తున్న ఆ రూ.15 వేల ఐ7 సెట్‌ను, ధర ఎంత తక్కువగా కనిపించినా, తీసుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. మీరు అనుకున్న రూ.30 వేలలోనే మీ అమ్మాయి ఇంటర్ రెండేళ్లకూ, ఆ తర్వాత మీ అబ్బాయి హైస్కూలు చదువుకూ సరిపోయే డెస్క్‌టాప్ వస్తుంది. డబ్బు ఏ భాగం మీద పెట్టాలి, ఏ భాగం దగ్గర మిగుల్చుకోవాలి అన్నది తెలుసుకుని కొంటే చాలు.

ముందు ఈ రెండేళ్లలో ఆ కంప్యూటర్ మీద జరగబోయే పని ఏమిటో చూద్దాం. పైథాన్‌లోనో, సీ భాషలోనో తొలి ఏడాది రాసే ప్రోగ్రాములు కంప్యూటర్‌కు దాదాపు బరువే కావు. ఆ ప్రోగ్రామును నడపడంకన్నా పక్కన బ్రౌజర్‌లో ఒక వీడియో పాఠం తెరవడానికే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అందువల్ల అసలు భారమంతా ఒకేసారి తెరిచి ఉంచే పది పదిహేను ట్యాబుల వల్ల, ఆన్‌లైన్ క్లాసు వల్ల, పెద్ద పీడీఎఫ్‌ల వల్ల పడుతుంది. దానికి కావలసింది తగినంత ర్యామ్ (తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ), వేగమైన స్టోరేజీ. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కాదు.

దీనికంటే ముఖ్యమైన పని మరొకటి ఉంది, తల్లిదండ్రులు చాలామంది దీన్ని గమనించరు. మీ అమ్మాయి రాయబోయే ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రెండూ కంప్యూటర్ మీద రాసే పరీక్షలే. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలో 3 గంటల్లో 160 ప్రశ్నలు చేయాలి, అంటే ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లే ఉంటాయి. తెర మీద ప్రశ్న చదివి, కాగితం మీద లెక్క వేసి, మళ్లీ తెర మీదికి వచ్చి మౌస్‌తో సరైన జవాబును గుర్తించడం, తేలని ప్రశ్నను తర్వాత చూసుకునేందుకు గుర్తు పెట్టి ముందుకు సాగడం ఒక అలవాటుగా మారాలి. జేఈఈ మెయిన్‌లో సంఖ్య రూపంలో ఇవ్వాల్సిన జవాబులను తెరపై కనిపించే అంకెల మీద మౌస్‌తో నొక్కి ఇవ్వాల్సి ఉంటుంది. ఇదంతా ఫోనులో సాధన చేస్తే రాదు. సబ్జెక్టు బాగా వచ్చిన పిల్లలు కూడా మొదటిసారి పెద్ద తెర ముందు కూర్చున్నప్పుడు తొలి అరగంట తడబడటం నేను చాలాసార్లు చూశాను. అందుకే మీ అమ్మాయి కంప్యూటర్ అడగడాన్ని సరదాగా భావించవద్దు, ఆ అవసరం నిజమైనదే.

ల్యాప్‌టాప్ కాకుండా డెస్క్‌టాప్ అని ఎందుకంటున్నానంటే, మీ అమ్మాయి ఇంటి నుంచి కాలేజీకి వెళ్లి వస్తోంది. హాస్టల్లో ఉండి చదువుతున్నట్లయితే ఇప్పుడు ఏదీ కొనవద్దనే చెప్పేవాడిని. ఇదే డబ్బుకు డెస్క్‌టాప్‌లో పెద్ద తెర వస్తుంది, పాడైన భాగాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు, ఇద్దరు పిల్లలూ వంతులవారీగా వాడుకోవచ్చు. బీటెక్‌లో చేరాక ల్యాప్‌టాప్ ఎలాగూ కావాలి. అయితే అది ఎలాంటిదన్నది బ్రాంచిని బట్టి ఉంటుంది. మెకానికల్, సివిల్, ఆర్కిటెక్చర్ చదివేవారికి త్రీడీ డ్రాయింగుల కోసం గ్రాఫిక్స్ బలం కావాలి; కంప్యూటర్ సైన్స్ వారికి ర్యామ్ ఎక్కువ ఉండాలి. ఏ బ్రాంచిలో సీటు వస్తుందో రెండేళ్ల తర్వాత ర్యాంకు తేలుస్తుంది కాబట్టి, దానికోసం ఇప్పుడే రూ.70 వేలు ఖర్చు పెడితే అప్పటికి ఆ యంత్రం పాతబడుతుంది, మీ డబ్బూ చేతిలో ఉండదు.

ఇక ఆ ఐ7 సంగతి. ఈ విషయాన్ని కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే తక్కువ ధర కంప్యూటర్ల అమ్మకంలో తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో, అంటే కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్‌లలో, ఒక తరంలోని తరగతులు మాత్రమే. ప్రాసెసర్ ఏ తరానిదో దాని పక్కనున్న అంకెలు చెబుతాయి. ఐ7-3770 అంటే మూడో తరం, 2012లో వచ్చింది. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, 2018లో వచ్చింది. అయిదు అంకెలుంటే మొదటి రెండింటినీ చూడాలి. ఐ3-12100 అంటే పన్నెండో తరం, అది 2022లో వచ్చింది. పేరులో ఐ3 అని ఉన్నా ఈ పన్నెండో తరం ప్రాసెసర్, ఆ మూడో తరం ఐ7 కంటే స్పష్టంగా వేగమైనది. మానిటర్‌తో సహా రూ.15 వేలకు ఇస్తానంటున్న ఐ7 దాదాపుగా రెండో తరానిదో, మూడో తరానిదో, నాలుగో తరానిదో అయి ఉంటుంది. ఆ అంకెలు చెప్పమని అడగండి. చెప్పకుండా ఐ7 అన్న మాట దగ్గరే ఆగిపోతే ఆ బేరం అక్కడే వదిలేయండి.

పాతదైతే మాత్రం ఏం, నడుస్తుంది కదా అనుకోవచ్చు. చిక్కు వేరే చోట ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా పనిచేయాలంటే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. పాత యంత్రాల మీద కూడా ఏదో ఒక దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి అమ్ముతున్నారు గానీ, అలాంటి వాటికి భద్రతా అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదు. రేపు అదే కంప్యూటర్‌లో మీరు స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతారు, బ్యాంకు ఖాతా తెరుస్తారు, ఫీజులు కడతారు. కాబట్టి ఎనిమిదో తరం అన్నది మీకు గీత. దానికి దిగువన ఏదీ వద్దు.

‘500 జీబీ’ అన్న మాటలో కూడా ఒక విషయం దాగి ఉంది. ఆ ధరలో అది పాతకాలపు హార్డ్ డిస్కే అయి ఉంటుంది. అందులో పళ్లెం లాంటి చక్రం తిరుగుతూ ఉంటే సూది లాంటి భాగం సమాచారాన్ని వెతికి చదవాలి. దాని స్థానంలో వచ్చిన కొత్తరకం స్టోరేజీ అయిన ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు. హార్డ్ డిస్కు మీద విండోస్ తెరుచుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడితే, ఎస్‌ఎస్‌డీ మీద అర నిమిషం కూడా పట్టదు. 500 జీబీ హార్డ్ డిస్కు కంటే 256 జీబీ ఎస్‌ఎస్‌డీయే మేలని నేను నిస్సందేహంగా చెబుతాను.

మీ బడ్జెట్‌కు నేను సూచించేది రీఫర్బిష్డ్ ఆఫీసు కంప్యూటర్. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కోసం తీసుకున్న డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వంటి యంత్రాలను కొన్నేళ్ల తర్వాత మార్చేస్తాయి. వాటిని శుభ్రం చేసి, పరీక్షించి మళ్లీ అమ్ముతారు. రోజంతా నడవడానికి తయారైన గట్టి యంత్రాలివి. వాటి లోటు కూడా చెప్పాలి: సన్నని క్యాబినెట్ కావడం వల్ల తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టడానికి చోటుండదు, పవర్ సప్లై పాడైతే ఆ కంపెనీ మోడల్‌కు సరిపోయేదే వెతుక్కోవాలి. మీ అవసరానికి ఇవి అడ్డు కావు.

రూ.30 వేలను ఇలా పంచుకోండి. ఎనిమిదో తరం లేదా ఆపై ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న సీపీయూకు రూ.16 వేల వరకు కేటాయించండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి 16 జీబీ కోసం పట్టుబట్టకుండా, 8 జీబీ ఒకే స్టిక్కుగా ఉండి పక్కన ఇంకో స్లాటు ఖాళీగా ఉండేలా చూసుకోండి. ధర తగ్గాక రెండోది చేర్చవచ్చు. మానిటర్ మాత్రం కొత్తదే కొనండి, రూ.7 వేలు అనుకోండి. 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర పిల్లల కళ్లకు సరిపోతుంది. ఏళ్ల తరబడి వాడి వెలుగు తగ్గిన తెర ముందు పిల్లలను కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ఒక 600 వీఏ యూపీఎస్‌కు రూ.3 వేలు పెట్టండి. కరెంటు పోయినప్పుడు పది నిమిషాలు దొరికితే చేస్తున్న పని భద్రపరచి సవ్యంగా ఆపవచ్చు. మిగిలిన దాంట్లో కీబోర్డు, మౌస్, వెబ్‌క్యామ్, హెడ్‌ఫోన్స్ వస్తాయి. ఇంట్లో మూడు పిన్నుల సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత ఇళ్లలో సాకెట్ ఉంటుంది, ఎర్త్ వైరు ఉండదు. కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు, రోజుకు 3 గంటలు వాడినా నెలకు ఆరేడు యూనిట్లకు మించదు.

ఎవరైనా కొత్త భాగాలతో అసెంబుల్ చేసి ఇస్తామంటే ఒక్క అక్షరం గమనించండి. ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అని ఉంటే, ఉదాహరణకు ఐ3-12100ఎఫ్ అయితే, దానిలో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు. మీకు ఎఫ్ లేనిదే కావాలి.

షాపులో డబ్బు ఇచ్చేముందు కంప్యూటర్‌ను ఆన్ చేయించి, మీ అమ్మాయినే దాని ముందు కూర్చోబెట్టండి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ భాగం తెరిస్తే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్, డిస్కు ఎస్‌ఎస్‌డీయా కాదా అన్నవన్నీ కనిపిస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయి ఉందో లేదో చూడాలి. ఈ ఆఫీసు యంత్రాల్లో చాలావాటికి విండోస్ లైసెన్సు యంత్రంలోనే నిక్షిప్తమై ఉంటుంది, కాబట్టి దొంగ కాపీ అవసరమే రాదు. సీరియల్ నంబరు, వారంటీ గడువు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. నోటిమాట వారంటీని లెక్కలోకి తీసుకోవద్దు. మీ ఊళ్లో దొరకకపోతే రైల్లో సికింద్రాబాద్ వెళ్లి, ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి ధరలు పోల్చుకోవచ్చు. కంప్యూటర్లకు అది పేరున్న మార్కెట్టు.

కంప్యూటర్‌ను గదిలో మూలన కాకుండా నలుగురూ మసలే హాల్లో పెట్టండి. మొదటి నెల పది వేళ్లతో టైపింగ్, తర్వాత పైథాన్ నేర్చుకోమనండి. లిబ్రేఆఫీస్ ఉచితంగా వస్తుంది. అందులోని స్ప్రెడ్‌షీట్‌లో మీ షాపు ఆర్డర్లు, కొలతలు, డెలివరీ తేదీలు, బాకీలు నమోదయ్యే పట్టికను తననే తయారుచేయమనండి. పుస్తకంలోని లెక్క కన్నా ఇంట్లోని అసలైన లెక్క ద్వారా ప్రోగ్రామింగ్ ఆలోచన త్వరగా వస్తుంది, ఏ సమాచారాన్ని ఎలా అమర్చాలన్నదే కంప్యూటర్ సైన్స్‌లో తొలి పాఠం కూడా. ఆసక్తి నిలిస్తే విండోస్ పక్కనే ఉబుంటు లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేసుకోవచ్చు, అదీ ఉచితమే. బాబుకు సైన్సు ప్రయోగాలు చూపించే ఫెట్ సిమ్యులేషన్లు బాగుంటాయి. అయితే మీ అమ్మాయికి రెండో ఏడాది సంక్రాంతి దాటాక కోడింగ్ పూర్తిగా పక్కన పెట్టించి, మాక్ టెస్టులకే ఆ తెరను ఉంచండి.

ఇవన్నీ చెప్పాక కూడా, మీ ఊరి షాపాయనను వదిలేయమని నేననడం లేదు. ఏదైనా పాడైతే చేతికందే దూరంలో ఉండేది ఆయనే. ఆ ఐ7 సెట్ వద్దని, ఎనిమిదో తరం ఐ5 ఆఫీసు మోడల్ ఎస్‌ఎస్‌డీతో తెప్పించి ఏడాది వారంటీ బిల్లు మీద రాసిస్తారా అని అడగండి. ఒప్పుకుంటే సికింద్రాబాద్ ధర కంటే వెయ్యి ఎక్కువైనా ఆయన దగ్గరే తీసుకోండి.