ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోసం ఉన్న ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వేరుశనగ సాగు చేస్తాను. మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి, పద్నాలుగు నెలలుగా పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు తయారు చేసే కంపెనీలో ట్రెయినీగా పని చేస్తోంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నేర్చుకుంటానంటోంది. లక్షా ఎనభై వేలు కడితే మూడు నెలల్లో పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ ఇప్పించి, మేనేజర్ ఉద్యోగం చూపిస్తామని ఒక శిక్షణ సంస్థ వారు చెప్పారట. ఇంట్లో బంగారం తాకట్టు పెడదామనుకుంటున్నాను. ఇది మంచి దారేనా?
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: ముందు బంగారం సంగతి. దయచేసి తాకట్టు పెట్టవద్దు. పీఎంపీ పరీక్షను నిర్వహించేది అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు కూడా 36 నెలలపాటు ప్రాజెక్టులను ముందుండి నడిపించిన అనుభవం చూపితేనే ఆ పరీక్షకు కూర్చోనిస్తారు. దానితో పాటు 35 గంటల శిక్షణ ఉండాలి. పద్నాలుగు నెలల ట్రెయినీకి మూడు నెలల్లో ఆ సర్టిఫికెట్ ఇప్పించడం ఎవరి చేతిలోనూ లేదు. లేని అనుభవాన్ని దరఖాస్తులో రాయిస్తారేమోనని నా భయం. కొన్ని దరఖాస్తులను ఎంపిక చేసి రుజువులు అడుగుతారు. అప్పుడు దొరికిపోయేది మీ అమ్మాయే. డబ్బు తీసుకున్నవారికి ఏమీ కాదు.

ఇక ఆమె కోరిక విషయం. అది మంచి కోరికే. అయితే దానికోసం ఆమె వదిలేయాలనుకుంటున్న చోటే ఆ పని నేర్చుకోవడానికి అన్నిటికంటే అనువైన చోటు. ఎందుకో మీకు తెలిసిన లెక్కలోనే చెబుతాను.

జూన్, జూలైలో వాన పడ్డాక వేరుశనగ విత్తడానికి నేలలో పదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ వేళకు కాయలు ఒలిచి, విత్తనశుద్ధి చేసి, ట్రాక్టరు మాట్లాడుకుని, కూలీలను కుదుర్చుకుని సిద్ధంగా ఉండాలి. గట్లు సరిచేసే పని వారం వెనక్కి జరిగినా పంట ఆగదు. కాయ ఒలవడం రెండు రోజులు ఆలస్యమైతే మాత్రం అదను పోతుంది. ఏ పని కాస్త ఆగినా ఫరవాలేదు, ఏది ఆగితే మొత్తం ఆగుతుంది అన్న ఈ తేడానే 1950ల చివర డూపాంట్ అనే రసాయనాల కంపెనీలో లెక్కగా కట్టారు. ఈనాటికీ ప్రాజెక్టుల ప్రణాళికకు మూలంగా ఉన్న ‘క్రిటికల్ పాత్’ పద్ధతి అదే.

ఇంకో సంగతి గమనించండి. ఆ ట్రాక్టరు యజమాని మీ దగ్గర జీతానికి ఉన్నవాడు కాదు. ఆ రోజు మరో పది మంది కూడా అతన్ని పిలుస్తారు. అయినా మీ పొలానికి రప్పించుకోవాలి. సంస్థల్లో ప్రాజెక్టు నడిపేవారి పరిస్థితి కూడా ఇదే. కొత్త కారు మోడల్ కోసం ఒక కొత్త విడిభాగం తయారు చేయాలనుకోండి. డ్రాయింగ్ రావాలి, డై, అంటే అచ్చు, తయారు కావాలి, ప్రెస్ అనే యంత్రం మీద ట్రయల్ జరగాలి, కొలతలు సరిచూడాలి, చివరకు శాంపిల్ ముక్కలకు కారు కంపెనీ ఆమోదం రావాలి. డైలు చూసుకునే టూల్ రూమ్ వారికి పాత వాటి మరమ్మతే తీరదు. ప్రొడక్షన్ వారికి ఆ రోజు ముక్కల లెక్క ముఖ్యం, ట్రయల్ కోసం రెండు గంటలు ప్రెస్ ఇమ్మంటే ముఖం తిప్పుకుంటారు. పర్చేజ్ వారు ఎవరు తక్కువ ధరకు ఇస్తారా అని ఇంకా బేరమాడుతూ ఉంటారు. వీరిలో ఎవరూ ప్రాజెక్టు ఇంజినీరు కింద పని చేయరు. అయినా తేదీ తప్పితే అడిగేది ఆ ఇంజినీరునే. ఇంతమంది చేత సమయానికి పని చేయించడం మూడు నెలల తరగతిలో రాదు.

మీ ప్రాంతంలోనే చూడండి. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం జరిగింది 2017 ఏప్రిల్‌లో. మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది 2019 ఆగస్టులో. నేల చదును చేయడం, షెడ్లు, యంత్రాలు, మనుషులకు శిక్షణ, అన్నీ ఆ రెండేళ్ల నాలుగు నెలల్లోనే జరిగాయి. ఉత్పత్తి మొదలయ్యే తేదీని ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తారు. మీ అమ్మాయి రోజూ బస్సు దిగి నడిచే దారిలోనే ఈ విద్య ఉంది.

తేదీల లెక్క ఒక్కటే సరిపోదని చెప్పడానికి నాకు ఎప్పుడూ కర్నూలు–కడప కాలువే గుర్తుకు వస్తుంది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తవ్వించింది. పొలాలకు నీరు, పైగా పడవల రవాణా అన్నారు. ఖర్చు అంచనా దాటింది. కాలువ పూర్తయ్యాక కూడా నల్లరేగడిలో జొన్న, పత్తి పండించే రైతులు కంపెనీ ఆశించినంతగా నీరు తీసుకోలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. ఆ కాలువలో ఇప్పటికీ నీరు పారుతోంది. నీరు వాడుకునే రైతు మనసు తెలుసుకోకుండా వేసిన లెక్కే తప్పింది. మీ అమ్మాయి ఏ ప్రాజెక్టులో అడుగుపెట్టినా ‘దీన్ని వాడేది ఎవరు, వారిని అడిగారా?’ అని మొదటి రోజే అడగడం అలవాటు చేసుకోవాలి.

ఆమె ఇప్పుడు చేయవలసింది ఇది. విడిభాగాల కంపెనీల్లో కొత్త ఉత్పత్తుల విభాగం ఉంటుంది, ఎన్‌పీడీ అంటారు. ట్రెయినీ గడువు ముగిశాక తనను అందులోకి మార్చమని రాతపూర్వకంగా అడగాలి. మొదటిసారి కాదనవచ్చు, ఆరు నెలల తర్వాత మళ్లీ అడగాలి. ఈలోగా ఒక నోటు పుస్తకంలో తన లైన్‌లో ఆగిన ప్రతి పనినీ రాసుకోవాలి: ఎప్పటికి కావాలి, ఎప్పటికి అయింది, ఎవరి కోసం ఆగింది. ఎక్సెల్‌లో ఆ లెక్కను పట్టికగా వేయడం నేర్చుకుంటే, సమావేశంలో ఆమె మాటకు బరువు వస్తుంది. సమావేశం అయ్యాక ఎవరు ఏమి ఒప్పుకున్నారో ఐదు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో రాసి అందరికీ పంపడం కూడా సాధన చేయాలి. చిన్న పనిలా కనిపిస్తుంది గాని, కొత్తవారికి పేరు తెచ్చేది ఇదే.

సర్టిఫికెట్ కావాలనే ఉంటే అదే ఇన్‌స్టిట్యూట్ వారు కొత్తవారి కోసం పెట్టిన సీఏపీఎం పరీక్ష ఉంది. దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు. ఉద్యోగం చేస్తూనే ఇంటి నుంచి చదువుకోవచ్చు. పీఎంపీ అయినా, ఎంబీఏ అయినా మూడేళ్ల తర్వాత ఆలోచించవచ్చు. అప్పటికి ఆమె జీతంతోనే ఫీజు కట్టుకోగలదు.

ఒక్క విషయం మాత్రం మీ ఉత్తరంలో లేదు. ఆమెకు ఉద్యోగం మానేయాలని ఎందుకు అనిపించింది? ఈ ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు కోర్సు మాట ఎత్తకుండా, రోజూ అక్కడ ఏం చేస్తోందో మెల్లగా చెప్పించండి. రాత్రి షిఫ్టు, హాస్టల్ తిండి, పైవారి మాట తీరు – బాధ వీటిలో ఉంటే ఆమెకు కావలసింది కోర్సు కాదు, మరో కంపెనీ. అదే జరిగితే, కొత్త చోట నియామక పత్రం చేతికి వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వవద్దని చెప్పండి. ఆమె ఏమన్నదో నాకు మళ్లీ రాయండి.