వీధి డిజైన్‌లో మన మాట చెల్లుతుందా? మా సందు అనుభవం

మీ వీధిలో కొత్తగా సిమెంటు రోడ్డు, డ్రైను వేస్తారట. మంచి వీధి అంటే ఎలా ఉండాలి, ఆ ప్లానులో మామూలు జనం మాట ఎవరైనా వింటారా అని అడిగారు. వింటారండి. కాకపోతే ఎస్టిమేట్ తయారయ్యే ముందు చెప్పాలి. ఈ సంగతి మాకు ఇంట్లోకి నీళ్లొచ్చాక గానీ తెలియలేదు.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. చాలా ఏళ్ల కిందట మా సందులో పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే కొత్త సిమెంటు రోడ్డు పోశారు. నున్నగా ఉందని అందరం సంతోషించాం. తొలి పెద్ద వాన పడినప్పుడు చూస్తే రోడ్డు మా గడపకన్నా నాలుగు అంగుళాలు ఎత్తుంది. అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, నేనూ మా ఆవిడా రాత్రంతా చీపుళ్లతో నీళ్లు తోస్తూనే ఉన్నాం. తర్వాత ఎదురింటివాళ్లు గడప ఎత్తు చేయించుకున్నారు. వాళ్ల ఇంట్లోకి రావాల్సిన నీళ్లు పక్కింటికి పోయాయి. పని చేయించినవాళ్లను అడిగితే ‘బిల్లు అయిపోయిందండీ’ అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల కాగితంలో రోడ్డు పొడవు, వెడల్పు, మందం ఉన్నాయి. మా గడపలు ఎక్కడున్నాయో అందులో లేదు, మేమూ ముందుగా చెప్పలేదు.

మూడేళ్ల కిందట డ్రైను తిరిగి కడతారని తెలిసింది. ఈసారి ఊరుకోలేదు. వాన పడుతున్న ఒక సాయంత్రం ఏడెనిమిది మందిమి గొడుగులేసుకుని సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాం. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ప్రహరీ గోడల మీద సుద్దముక్కతో గీతలు గీశాం. ఆరోజు అందరికన్నా ఎక్కువ చెప్పింది మూల మీద పూలమ్మే ఆవిడ. ఏ వానకు ఏ వైపు నుంచి నీళ్లొస్తాయో, తన బుట్ట ఎప్పుడు ఎక్కడికి జరుపుకోవాలో ఆవిడకు తెలుసు. చివరి తూము సగం పూడిపోయిందని చెప్పింది కూడా ఆవిడే. ఇరవై ఏళ్లుగా అక్కడే కూర్చుంటున్న మనిషిని అంతవరకు మాలో ఒక్కరమూ అడగలేదు.

మర్నాడు మాకు తెలిసిన తాపీ మేస్త్రి నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపుతో మట్టం చూశాడు. డ్రైను వాటం తూము వైపు లేదు. మధ్యలో మూడు అంగుళాలు పల్లం. ఎంత శుభ్రం చేయించినా నీళ్లు ఎందుకు లాగడం లేదో అప్పుడు తెలిసింది. పాత క్యాలెండరు వెనక మా సందు బొమ్మ గీసి ఇవన్నీ రాశాం.

దాని తర్వాతి పనే అన్నిటికన్నా కష్టం. సందులో సగానికి పైగా ఇళ్లవాళ్లు డ్రైను మీద ర్యాంపులు పోసుకున్నాం. కింద పూడిక తీయాలంటే చెయ్యి పట్టదు. అందులో మాది కూడా ఉంది. ర్యాంపులు కొట్టేయాలనగానే గొడవైంది. ఒక బాబాయిగారు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. చివరికి మాదీ, మూలింటివాళ్లదీ ముందు కొట్టించి, ఎత్తి పెట్టుకునే పలకలు వేశాం. బండి ఎక్కుతుందని చూశాక మిగతావాళ్లు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. నలుగురూ కలిసి ప్లాను వేయడమంటే అందులో మనం వదులుకునేదీ ఉంటుంది. ఇది ముందే మాట్లాడుకోకుండా అర్జీ పట్టుకుని వెళ్తే, ఆఫీసులో మొదట అడిగేది మీ ర్యాంపుల గురించే.

సోమవారం అర్జీలు తీసుకునేచోట ఆ బొమ్మ ఇచ్చాం. పాత పొర తీసేశాకే రోడ్డు వేయాలని, వాటం తూము వైపు ఉండాలని, పలకలు ఎత్తడానికి వీలుగా ఉండాలని అడిగాం. ఇంజనీరుగారు ఒక పొద్దున స్వయంగా వచ్చి సుద్దగీతలు చూసి ఎస్టిమేట్ మార్పించారు. వేపచెట్టును మాత్రం కాపాడుకోలేకపోయాం. డ్రైనును కాస్త వంచమని బతిమాలాం, చోటు చాలదన్నారు. మేలో 45 డిగ్రీలదాకా పోయే ఊళ్లో ఆ నీడ పోవడం నాకు ఇప్పటికీ బాధే. మీ వీధిలో చెట్లుంటే బొమ్మలో వాటినే ముందు గీయండి.

మంచి వీధి అంటే వెడల్పాటి రోడ్డు అనుకుంటారు. నేను అలా అనుకోను. రోడ్డు వెడల్పయ్యేకొద్దీ బండ్ల వేగం పెరుగుతుంది, పెద్దవాళ్లకు దాటడం కష్టమవుతుంది. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచనల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. టేపు పట్టుకుని మీ దగ్గర్లోని పెద్ద రోడ్డు మీద కొలిచి చూడండి. మోకాలెత్తు ఫుట్‌పాత్, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే కర్ర పట్టుకున్న ముసలాయన రోడ్డు మీదే నడుస్తాడు.

తోపుడు బండ్లవాళ్లను ఖాళీ చేయిస్తే వీధి బాగుపడుతుందనే మాట కూడా మీకు వినిపిస్తుంది. సాయంత్రం మా ఊరి బజారు వీధి బీసెంట్ రోడ్డులో నడిచి చూడండి. జనం ఆ సందడి కోసమే వస్తారు, ఆడపిల్లలు ధైర్యంగా తిరుగుతారు. కావలసింది బండికి ఒక చోటు, నడకకు ఒక చోటు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల విషయాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. అంటే వాళ్లను అడగడం దయ కాదు, వాళ్ల హక్కు.

నీటి దారి విషయంలో మాత్రం ఎవరికీ మొహమాటపడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మా బంధువులు మేడ మీద కూర్చుని పడవ కోసం ఎదురుచూశారు. బుడమేరు ఎటు పారుతుందో ఈ ఊళ్లో పెద్దలందరికీ తెలుసు. మీ వీధి డ్రైను చివరికి ఏ కాలువలో కలుస్తుందో అక్కడిదాకా నడిచి వెళ్లి చూడండి. మీ సందులో ఎంత బాగా కట్టినా, ఆ చివర మూసుకుపోయి ఉంటే నీళ్లు వెనక్కే తంతాయి.

ఎస్టిమేట్ కాపీ అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ ఆ గడువు కోసం ఆగితే టెండరు అయిపోవచ్చు. కాబట్టి ఈలోగా మట్టం చూడటానికి మేస్త్రిని పిలవండి, అది ఒక్క పూట పని. ఈ వానాకాలంలోనే సుద్దగీతలు పడాలి. మీ మూల మీద ఎవరు కూర్చుని అమ్ముకుంటున్నారో, ముందు వాళ్ల దగ్గరకు వెళ్లండి.