దారి అడగండి: లూయిస్ దీవిలో వారం రోజులు

క్రితం సంచికలో ఏదో మాటల్లో, స్కాట్లండ్‌కి పడమట సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో పాతకాలపు రాతి పూరిళ్ళను సెలవులకి అద్దెకిస్తారని రెండు లైన్లు రాశాను. ఆ రెండు లైన్లకే ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను. వీసా, బడ్జెట్ సంగతులు వచ్చే నెల.

ప్రశ్న: అక్కా, నేను గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్నాను. జూన్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. లండన్, ఎడిన్‌బరో అందరూ చూపించేవే కదా, వాళ్ళని ఆ రాతి ఇంట్లో ఓ వారం ఉంచాలని నా కోరిక. నాన్నకి 68, మోకాళ్ళ నొప్పి. ఆ ఇళ్ళు నిజంగా ఉండేలా ఉంటాయా, ఫొటోలకేనా?

ఉండేలానే ఉంటాయి తమ్ముడూ. నేను రాసింది గారెనిన్ అనే ఊరి గురించి. రోడ్డు బోర్డుల మీద అక్కడి పాత భాష గేలిక్‌లో స్పెల్లింగ్ వేరేగా ఉంటుంది, కంగారు పడకు. స్టోర్నోవే పట్నం నుంచి సుమారు 35 కిలోమీటర్లు, ఊరి చివర అట్లాంటిక్ సముద్రం. అక్కడివి బ్లాక్‌హౌస్‌లు. మట్టి మధ్యలో కూరిన రెండు వరసల రాతి గోడ, పైన గడ్డి కప్పు, కప్పు మీద తాళ్ళు, తాళ్ళ చివర వేలాడే రాళ్ళు. మన దివిసీమ వైపు చుట్టిల్లు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మనవాళ్ళు తుఫానుకి తట్టుకోవాలని చూరు నేల దాకా దించారు, వీళ్ళేమో చూరే లేకుండా కప్పుని లోపలి గోడ మీద కూర్చోబెట్టి, మూలలు గుండ్రంగా తిప్పేశారు. ఎలా కట్టినా గాలికి పట్టు దొరక్కూడదు, అంతే. పాత రోజుల్లో పొగ గొట్టం ఉండేది కాదు, మధ్యలో పొయ్యి, ఒక పక్క మనుషులు, ఇంకో పక్క ఆవులు. మసి పట్టిన గడ్డిని దించి పొలానికి ఎరువుగా వేసేవారు. గారెనిన్‌లో చివరి కుటుంబాలు 1974లో పక్కనే కట్టిన కొత్త ఇళ్ళకి మారిపోయాయి. తర్వాత స్థానికుల ట్రస్టు ఒకటి ఆ శిథిలాలను బాగుచేసి, కొన్నిటిని సెలవుల ఇళ్ళుగా, ఒకదాన్ని మ్యూజియంగా మార్చింది. కాబట్టి బయటికి పూరిల్లే గానీ లోపల వేడి నీళ్ళు, వంటగది అన్నీ ఉంటాయి.

నాన్నగారి మోకాళ్ళ సంగతి మాత్రం బుక్ చేసే ముందే అడుగు. ఊళ్ళో దారి రాళ్ళు పరిచిన వాలు దారి, కారు ఎంత దగ్గరికి వస్తుంది, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఏమైనా ఉందా అని ఒక మెయిల్ పెడితే చెబుతారు. కుదరదంటే పక్క ఊళ్ళలో మామూలు పెంకుటిళ్ళు బోలెడు, అవే ఆయనకి సుఖం. నీ కోరిక కోసం ఆయన్ని వారం రోజులు ఆ వాలు ఎక్కించి దించకు. ఇంకో మాట, స్కాట్లండ్‌లో ఇప్పుడు సెలవులకి ఇల్లు అద్దెకివ్వాలంటే కౌన్సిల్ లైసెన్సు ఉండాలి, ఆ నంబరు ప్రకటనలో కనిపించాలి. నంబరు లేని ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా వదిలెయ్.

ప్రయాణం: ఇన్వర్‌నెస్ మీదుగా కారులో ఉల్లాపూల్, అక్కణ్ణించి ఫెర్రీలో స్టోర్నోవే రెండున్నర గంటల పైనే. వేసవిలో మనుషులకి సీటు దొరుకుతుంది గానీ కారుకి చోటు దొరకదు, అందుకే ముందు ఫెర్రీలో కారు బుక్ చేసి తర్వాత ఇల్లు చూడు, చాలామంది తిరగేసి చేస్తారు. చాలా ఇళ్ళు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, సాయంత్రం నాలుగింటికి తాళాలు, వెళ్ళే రోజు పొద్దున పదికల్లా ఖాళీ. మేము ఓ అక్టోబర్‌లో ఉల్లాపూల్ దాకా వెళ్ళాక గాలి ఎక్కువైందని ఓడ ఆపేశారు. ఆ రాత్రి కారులో చేగోడీలు తింటూ, అవతల మేం డబ్బు కట్టిన ఇంట్లో ఎవరూ లేకుండా హీటర్ తిరుగుతూ ఉంటుందని తలుచుకుంటూ కూర్చున్నాం. ఇంటివాళ్ళు ఆ రాత్రి డబ్బు తిరిగివ్వలేదు. ఇన్సూరెన్స్ తీసుకోమని అప్పుడెవరూ చెప్పలేదు మాకు. అమ్మానాన్నల ఇండియా ఫ్లైట్‌కి, దీవి నుంచి తిరుగు ఫెర్రీకి మధ్య కనీసం రెండు రోజులు వదులు.

ప్రశ్న: మేడమ్, మేము శాకాహారులం, వెల్లుల్లి కూడా తినం. అక్కడ మాకు తిండి దొరుకుతుందా? కుక్కర్ తీసుకెళ్ళొచ్చా? (తెనాలి నుంచి ఒక గృహిణి)

వంటిల్లు ఉన్న కాటేజీ కాబట్టే మీలాంటివాళ్ళకి హోటల్ కంటే ఇదే మేలు అమ్మా. స్టోర్నోవేలో పెద్ద సూపర్ మార్కెట్లున్నాయి, బియ్యం, కూరగాయలు, పెరుగు దొరుకుతాయి. అక్కడే వారానికి సరిపడా కొనుక్కుని ఊరికి వెళ్ళండి, పల్లెలో కొట్టు ఉన్నా దానిలో దొరికేది ఆ రోజు అదృష్టం. కందిపప్పు, చింతపండు, ఇంగువ, పొడులు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. నెయ్యి మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, ఇండియా నుంచి పాల పదార్థాలు బ్రిటన్‌లోకి తీసుకురానివ్వరు. వెన్న అక్కడే కొని ఇంట్లో కాచుకోండి, పావుగంట పని. చిన్న కుక్కర్ తీసుకెళ్ళొచ్చు, కాకపోతే పొయ్యి ఇండక్షనా కాదా అని అడిగి, దానికి పనికొచ్చేదే తీసుకెళ్ళండి.

ఇక అసలు టెన్షన్ తాలింపుతో. 2022 నుంచి స్కాట్లండ్‌లో ప్రతి ఇంటికీ పొగని, వేడిని పసిగట్టి మోగే అలారాలు ఒకదానితో ఒకటి కలిపి ఉండాలని రూలు. అంటే హాల్లో ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది. నేను మొదటి రోజు రాత్రి చారుకి ఎండుమిరపకాయలు వేశాను, అవి నల్లబడే లోపే హాల్లోది అందుకుంది, దాని వెనకే పడగ్గదిలోది. మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపుతుంటే, నేను మూకుడు పట్టుకుని బయటికి పరిగెత్తాను, అక్కడేమో గాలికి ఆవాలు ఎగిరి నా స్వెట్టర్ మీద పడ్డాయి. పైన గడ్డి కప్పు, అందుకే అలారం పీకెయ్యాలన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. వంటింటి తలుపు మూసి, కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి, మిరపకాయలు నూనె కాగక ముందే వేయండి. అంతకన్నా మేలు, పోపు పొడి చేసి తీసుకెళ్ళండి.

ప్రశ్న: ఆదివారం అక్కడ ఏమీ ఉండదంటున్నారు, నిజమేనా? (హైదరాబాద్ నుంచి)

ఒకప్పటితో పోలిస్తే చాలా మారింది. లూయిస్‌లో చర్చి పట్టింపు గట్టిది. ఆదివారం విమానం 2002లో, స్టోర్నోవే నుంచి ఆదివారం ఫెర్రీ 2009లో మొదలయ్యాయి, రెండింటి మీదా పెద్ద గొడవే జరిగింది. పట్నంలోని పెద్ద సూపర్ మార్కెట్ ఒకటి ఆదివారం తలుపులు తీసింది 2024 నవంబర్‌లోనే. పల్లెల్లో మాత్రం ఆదివారం ఆదివారమే. శనివారమే పెట్రోలు పోయించుకుని, పాలు కొనిపెట్టుకోండి.

బట్టలు కూడా ఆ రోజు బయట ఆరేయకండి. నాకు తెలియక మా పిల్లాడి ప్యాంట్లు వరసగా తీగ మీద వేశాను, గాలి బాగుందని సంబరపడ్డాను కూడా. పక్కింటి ముసలావిడ చర్చికి వెళ్తూ చూసింది, ఏమీ అనలేదు, నవ్వి తల ఊపి వెళ్ళింది. సోమవారం పొద్దున గోడ దగ్గర కనిపించి "ఇవాళ బట్టలు ఆరేయడానికి భలే రోజు" అంది. ఆ 'ఇవాళ' అన్న మాటని కాస్త ఒత్తి పలికింది లెండి.

ప్రశ్న: నాకు డ్రైవింగ్ రాదు. ఒక్కదాన్నే, స్టూడెంట్‌ని. బస్సుల మీద కుదురుతుందా?

కుదురుతుంది, ఆదివారం తప్ప. స్టోర్నోవే నుంచి పడమటి తీరం చుట్టూ తిరిగే బస్సు ఉంది, ఆర్నోల్‌లోని పాత బ్లాక్‌హౌస్, కార్లోవే ఊరు, సుమారు 5,000 ఏళ్ళ నాటి కలనిష్ నిలువు రాళ్ళు ఆ దారిలోనివే. రోజుకి కొన్నే తిరుగుతాయి, కాబట్టి టైమ్ టేబుల్ ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి పెట్టుకో, సిగ్నల్ ఎక్కడ పోతుందో చెప్పలేం. ఆర్నోల్‌లో తప్పకుండా దిగు. 1966 దాకా మనుషులున్న ఇల్లది, లోపల ఇప్పటికీ పీట్ నిప్పు రాజేసి ఉంచుతారు. పీట్ అంటే చిత్తడి నేలలో వేల ఏళ్ళుగా కుళ్ళి గట్టిపడిన నాచు, మే నెలలో దాన్ని ఇటుకల్లా కోసి ఆరబెట్టి ఇళ్ళ పక్కన దొంతరలు పేరుస్తారు, దూరం నుంచి చూస్తే అచ్చం మన పిడకల కుప్పలు. వాసన మాత్రం వేరు, తడి మట్టికీ కాలిన గడ్డికీ మధ్యలో ఉంటుంది, తిరిగొచ్చి నెలైనా నా శాలువాని వదల్లేదు.

కారు నడిపేవాళ్ళకి ఇక్కడే రెండు ముక్కలు. రోడ్లు చాలాచోట్ల ఒకే బండి పట్టేంత వెడల్పు, మధ్య మధ్యలో ఆగి దారివ్వడానికి జాగాలుంటాయి. అవి ఎదుటివాళ్ళ కోసమే కాదు, వెనకాల తొందరలో ఉన్నవాళ్ళ కోసం కూడా. ఫొటోల కోసం మాత్రం వాటిలో బండి ఆపకండి. కారు దిగేటప్పుడు తలుపు రెండు చేతులతో పట్టుకోండి, గాలి విరిచేస్తుంది, అద్దె కారు ఇన్సూరెన్స్‌లో అది వస్తుందో లేదో ముందే చూసుకోండి.

ప్రశ్న: ఇంత దూరం వెళ్ళి రాళ్ళు, గడ్డి చూసి రావడమేనా? మనకి సంబంధించినదేమైనా ఉందా అక్కడ? (గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్)

మాస్టారూ, మీరు గుంటూరు నుంచి అడిగారు కాబట్టి నవ్వొచ్చింది. అమరావతి స్తూపం శిల్పాలకి బొమ్మలు గీయించిన కల్నల్ కోలిన్ మెకంజీ పుట్టింది ఈ దీవిలోనే, స్టోర్నోవేలో, 1754లో. మన పల్లెపల్లె చరిత్రనీ కైఫీయతులుగా రాయించింది ఆయనే. ఏలూరుకి చెందిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయనకి కళ్ళూ చెవులూ. 1815లో ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, మళ్ళీ సొంతూరు చూడకుండానే 1821లో బెంగాల్‌లో పోయాడు. తెలుగు రాని ఆ మనిషి దగ్గర మన ఊళ్ళ సంగతులు అన్ని కట్టలుగా ఎలా పోగుపడ్డాయో, స్టోర్నోవే రేవులో నిలబడి తలుచుకుంటే నాకైతే కాస్త గుబులుగానే అనిపించింది.

ఆ రేవుకి ఎదురుగా చెట్ల మధ్య ఒక కోట కనిపిస్తుంది. 1844లో ఈ దీవి మొత్తాన్ని కొనేసిన జేమ్స్ మాథసన్ కట్టించాడు. ఆ డబ్బు చైనాకి నల్లమందు అమ్మి సంపాదించింది, ఆ నల్లమందు పండింది మన దేశంలో. అలా చూస్తే ఆ కోటలో మనవాళ్ళ వాటా కూడా కొంత ఉందన్నమాట! ఇప్పుడు దాని పక్కనే మ్యూజియం, లోపల 1831లో ఈ దీవిలో దొరికిన వాల్రస్ దంతపు చదరంగం బొమ్మలు ఆరు ఉంటాయి. అందులో రాణి చెంప మీద చెయ్యి వేసుకుని కూర్చుంటుంది, పెళ్ళివారింకా రాలేదేమిటా అని ఎదురు చూసే మేనత్తలా.

ప్రశ్న: జూన్‌లో వెళ్తే ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు (అరోరా) కనిపిస్తాయా?

కనిపించవు, ఎందుకంటే జూన్‌లో అక్కడ చీకటే సరిగ్గా పడదు. పొద్దు రాత్రి పదిన్నర దాకా ఉంటుంది, ఆ తర్వాత కూడా ఆకాశం తెల్లగానే ఉంటుంది. వెలుగులు కావాలంటే సెప్టెంబర్ చివర నుంచి మార్చి లోపల వెళ్ళండి, మబ్బు లేకపోతే చూడొచ్చు, డిసెంబర్‌లోనైతే మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వేసుకోవాలి. జూన్‌లోనే వెళ్ళేటట్టయితే గాలి ఆగిన సాయంత్రాలు బయట కూర్చోకండి, మిడ్జ్ అనే నలుసంత దోమలు ముసురుతాయి. పడగ్గదికి మందపాటి కర్టెన్లున్నాయా అని ఇంటివాళ్ళని అడగండి, లేవంటే ఒక ముదురు రంగు దుప్పటి, నాలుగు క్లిప్పులు పట్టుకెళ్ళండి.