ముందు ఎర్తు చూసుకో అల్లుడూ

ఒరే అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు బ్యాండు పెడుతున్నాడంట, వచ్చే నెల స్టేజీ ఎక్కుతాడంట, నువ్వైనా చెప్పు" అనింది. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. వద్దని చెప్తానని ఆమె ఆశ. నేను ఫోన్ పెట్టేసి నీ నాలుగు పాటలూ మళ్లీ విన్నా. నిద్ర చెడగొట్టానని మీ అత్త తిట్టింది.

సీ క్యాంపులో ఆ మేడ మీది గదిలో, కిటికీకి పరుపు అడ్డం పెట్టి, మైకులో శబ్దం పడుతుందని ఫ్యాను కూడా ఆపేసి, కర్నూలు ఎండల్లో రెండేళ్లు ఒక్కడివే కూర్చున్నావు. డ్రమ్స్ నువ్వే, బేస్ నువ్వే, గొంతు నువ్వే. పదేళ్లు ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించాను గానీ, నాకు సొంత పాట ఒక్కటీ లేదు. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు.

సరే, పని సంగతి. తీగలు ఇంకో సెట్టు, కేబుళ్లు రెండు, పెడల్‌కు 9 వోల్టుల బ్యాటరీలు ఎక్కువ పెట్టుకో. రాత్రి 10 దాటితే బయట మైకు మోగకూడదని 2000 నుంచి రూలుంది. పర్మిషన్ కాగితం జేబులో ఉండాలి.

ఒక పాటలో ఆరు గిటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చావు. స్టేజీ మీద గిటార్లు వాయించేది ఇద్దరే. ఏది లేకపోతే పాట కూలిపోతుందో అది ఉంచుకో, మిగతావి వదిలెయ్. లాప్‌టాప్‌లోంచి కొన్ని వినిపిస్తామంటే క్లిక్, అంటే లయ చెప్పే ఆ టిక్ టిక్ శబ్దం, డ్రమ్మర్ చెవిలోకి పోవాలి. లేకుంటే రెండో చరణానికి అతనొక దారి, లాప్‌టాప్ ఒక దారి. రిహార్సల్‌లో చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, 100 దగ్గర పావుగంటకే అలిసిపోతుంది. ముసలోడి చాదస్తం అనుకోవద్దు, నా ఎడమ చెవిలో 1993 నుంచి ఈల మోగుతూనే ఉంది. మీ అత్త తిట్లు సగమే వినపడతాయి, అదొక్కటే లాభం.

ఇక ఎర్తు.

1989లో నందికొట్కూరు పక్కన ఒక పల్లెలో తిరునాళ్లు. గిటార్ శబ్దం పెంచే నా ఆంప్‌కు గుడి పక్కింట్లోంచి కరెంటు లాగాం. ఎర్తు ఉంటే స్పీకర్లో గుయ్యిమని మోత వస్తోందని, ప్లగ్గులో మూడో పిన్ను నేనే పీకేసి ఉన్నా. మోత పోయింది. అదేదో పెద్ద తెలివనుకున్నా. మా డ్రమ్మర్ నా ఈడువాడే. సాయంత్రం గిటార్ పక్కకు జరుపుతూ "తీగలు జుమ్మంటున్నాయి రా, ఆ పిన్ను పెట్టు" అన్నాడు. "నువ్వు దరువు చూసుకో, కరెంటు నేను చూసుకుంటా" అన్నా. ట్రూపు నాది కదా.

మధ్యలో నీళ్ల కోసం గిటార్ వాడి చేతికిచ్చి దిగా. జనంతో ఒక మాట చెబుదామని వాడు మైకు దగ్గరికి వంగాడు. చేయి తీగల మీద, పెదవి మైకు జాలీకి. మైక్‌సెట్టుకు ఎర్తు సరిగ్గానే ఉంది. నా ఆంప్‌లోంచి వచ్చిన కరెంటు వాడి ఒంట్లోంచి దారి చూసుకుంది. వాడు అరవలేదు. వాడి పళ్లు కనబడుతుంటే నవ్వుతున్నాడనుకున్నా. మైక్‌సెట్టు కుర్రాడు పరిగెత్తి ప్లగ్గు పీకాడు.

బతికాడు. రెండు వేళ్లు కాలి, మూడు నెలలు కర్ర పట్టలేకపోయాడు. ఆ మూడు నెలలూ వేరేవాణ్ణి పెట్టి ప్రోగ్రాములు నడిపా. ఒక్కసారి చూడ్డానికి పోయా, అరటిపండ్లు తీసుకొని. "మైక్‌సెట్టోళ్ల లైను బాగలేదు రా" అని చెప్పి వచ్చా. వాడు తొక్క ఒలవలేక పండు పక్కన పెట్టాడు. పిన్ను సంగతి వాడికి తెలుసు, తెలిసీ ఏమీ అనలేదు. మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చోలేదు.

కాబట్టి అందరి ఆంప్‌లూ, మైక్‌సెట్టూ ఒకే లైనులోంచి తీసుకోండి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్చు, ఉందా అని అడుగు, నామోషీ పడొద్దు. మోత వస్తే, గిటార్‌ను మైక్‌సెట్టుకు కలిపే డీఐ బాక్సులో గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కు. అది శబ్దం పోయే వైరులో ఎర్తునే విడదీస్తుంది, కరెంటు ఎర్తును కాదు. పిన్ను జోలికి పోయావా, మామనని కూడా చూడకుండా వచ్చి తంతా.

గదిలో నీకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. నచ్చకపోతే చెరిపేసి మళ్లీ వాయించావు. ఇప్పుడు ముగ్గురు పిల్లలొస్తున్నారు. ఆ డ్రమ్మర్ పిల్లోడు "ఇక్కడ స్పీడ్ ఎక్కువైందన్నా" అంటే నీకు కోపం వస్తుంది. రానీ. వాడు చెప్పినట్టు ఒకసారి వాయించి చూడు. నీ పాట గురించి నీకన్నా వాడికేం తెలుసని మాత్రం అనొద్దు, ఆ గొంతు నాకు బాగా గుర్తు.

ముందు వరసలో రెండు కుర్చీలు పెట్టించు. మీ అత్త రాదు, ఆ మోత ఆమె వల్ల కాదు. మా పాత డ్రమ్మర్ ఇక్కడ ఆదోనిలోనే గాజుల కొట్టు పెట్టుకున్నాడు. రేపు పోయి అడుగుతా. ఇన్నేళ్లకు ఏ మొహం పెట్టుకొని అనేది దారిలో ఆలోచించుకుంటా.

ఆర్టీసీ కార్గోలో సంచి పంపుతున్నా. చెనిక్కాయల అడుగున టెస్టరు ఉంటుంది. ఆంప్ ఆన్ చేసి తీగలకు ఒకసారి, మైకు జాలీకి ఒకసారి ఆనించు. వెలిగిందంటే ఎవడు అరిచినా పాడొద్దు. చెనిక్కాయలు ఆ పిల్లలకు కూడా పెట్టు.

మీ మామ