ముందు కీ ఇవ్వు, తర్వాత తప్పులు పట్టు

బరంపురం

అమ్మలూ,

పర్లాకిమిడిలో ఎవరింట్లోనో నలభై పాత గ్రామఫోన్ ప్లేట్లు కొన్నావట, ఒకే కీర్తన ఎవరెవరు ఎలా పాడారో పోల్చి రాస్తావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. సంతోషమే, దానికి రెండింతలు టెన్షన్. ఈ పిచ్చి నా వల్లే అంటుకుందని మీ అమ్మ నన్నే దెప్పుతోంది.

చిన్నవి ముందు చెప్పేస్తాను. ప్లేట్లు దొంతర పెట్టకు, నిలబెట్టు. అంచులే పట్టుకో. స్పిరిట్‌తో తుడిచావంటే లక్క కరిగి పాట పోతుంది. ఇనప ముల్లు ఒక్కో వైపుకీ మార్చు, పిసినారితనం వద్దు. కింది అరలో ఏదీ పెట్టకు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా ముందు గదిలోకి నీళ్లొచ్చి కింది అరలోని క్యాసెట్లన్నీ పోయాయి. నువ్వుండేది మూడో అంతస్తని తెలుసు. అయినా పెట్టకు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ ప్లేటు ఒకటి దొరికింది. తాతయ్య కీ గ్రామఫోన్ మీద పెట్టి విన్నాను. చివరికొచ్చేసరికి శ్రుతి దిగిపోతోంది. ఇంకేం, మహా విద్వాంసుడిలా అట్ట కవరు మీద ఎర్ర సిరాతో ‘చివర శ్రుతి తగ్గింది’ అని రాసి నలుగురికీ చూపించాను. మా వయొలిన్ మాస్టారు ద్వారం వారు ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాయన. ఆయనకీ చూపించాను, నా బుద్ధి చూడు! ఆయన కవరు చదివారు. లేచి గ్రామఫోన్‌కి నిండా కీ ఇచ్చి, మళ్లీ ముల్లు పెట్టారు. శ్రుతి చివరిదాకా గీత గీసినట్టు నిలబడింది. చెప్పులేసుకుని వెళ్లిపోయారు. మర్నాడు పాఠం మామూలుగానే చెప్పారు. తిట్టి ఉంటే బాగుండేది.

స్ప్రింగు సడలి నిమిషానికి 78 చుట్లు తిరగాల్సింది 74కి పడితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం, అంటే హార్మోనియం మీద ఒక మెట్టు, కిందికి జారుతుంది. అందుకే ఫోన్‌లో తంబురా పెట్టుకుని, ప్లేటు మొదట్లో ఉన్న షడ్జమే (‘స’) చివర్లోనూ ఉందా చూసుకో. పైగా పాత ప్లేట్లన్నీ సరిగ్గా 78లోనే రికార్డు చేసినవి కావు. ప్లేటు విని ‘ఈవిడది అయిదున్నర శ్రుతి’ అని ఖాయంగా రాసెయ్యకు.

ఇంకొకటి. పది అంగుళాల ప్లేటుకి ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. ఆలాపన కుదించి, స్వరకల్పన కోసేసి, పరుగున పాడాల్సొచ్చేది. అలాంటి ప్లేటుని కచేరీ టేపు పక్కన పెట్టి ‘సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడటం) తక్కువ’ అన్నావంటే మాత్రం నీతో మాట్లాడను. మాట్లాడతాననుకో, కానీ రెండు రోజులు ఆగి.

ఆ ద్వారం వారి ప్లేటు ఇక నీదే. మీ అమ్మమ్మ చిరిగిన బరంపురం పట్టుచీర ముక్కలో చుట్టి ఉంచాను. పోస్టులో పంపితే పగులుతుంది, సంక్రాంతికి వచ్చి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లు. అట్ట బాగా పాతదైంది, ఎర్ర సిరా ఇంకా కనిపిస్తుంది. కొత్త కవరు వెయ్యకు.

మావయ్య