జోనింగ్ సభలో అడిగిన ప్రశ్న: లా చదవాలా, టౌన్ ప్లానింగ్ చదవాలా?

ప్రశ్న: మా ఊరి దగ్గర హైవే మీద ఇంటర్‌ఛేంజ్ (వాహనాలు హైవే ఎక్కి దిగే కూడలి) కట్టిన తరువాత, దాని చుట్టూ ఉన్న వ్యవసాయ భూమిని గోదాములకూ వాణిజ్య భవనాలకూ అనుమతించే జోన్‌గా మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. ఊరు రెండుగా చీలిపోయింది. మాకు అక్కడ పొలం ఉంది కాబట్టి మార్పు జరగాలని నాన్నగారు కోరుకుంటున్నారు. ప్రజాభిప్రాయ సేకరణ సభలో గోడకు తగిలించిన మ్యాప్‌లో బడి వెనక పారే వాగు కనిపించలేదు. ఎందుకు లేదని అడిగితే నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. నేను పన్నెండో తరగతి పూర్తి చేస్తున్నాను. లా చదివి ఇలాంటి వాటి మీద పోరాడాలా, టౌన్ ప్లానింగ్ చదవాలా? పొలం అమ్ముడైతేనే పెద్ద చదువు సాధ్యమని ఇంట్లో అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివినది ఆ వాగు గురించిన వాక్యాన్ని. సభలో అందరూ మార్పు కావాలా వద్దా అని వాదిస్తుంటే మీరు మ్యాప్ దగ్గరికి వెళ్లి అందులో ఏమి లేదో చూశారు. మీ చదువు గురించి ఆలోచించడం అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు మీ నాన్నగారి పక్షం గురించి ఒక మాట. జోన్ మారితే భూమి విలువ మారుతుందన్న ఆశ ఎవరో కల్పించినది కాదు. అమెరికాలో క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ అనే ఊరు 1922లో జోనింగ్ నిబంధనలు, అంటే ఏ భూమిని దేనికి వాడవచ్చో చెప్పే నియమాలు, తెచ్చినప్పుడు, అక్కడ 68 ఎకరాలున్న ఆంబ్లర్ రియాల్టీ సంస్థ, పరిశ్రమలకు అమ్ముకోవలసిన తన భూమిని ఇళ్లకు పరిమితం చేస్తే ధర నాలుగో వంతుకు పడిపోతుందని కోర్టుకెక్కింది. 1926లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పు చెప్పింది. మీ ఊళ్లో జరుగుతున్నది దానికి తిరగబడిన రూపం: ఆంక్ష తొలగితే ధర పెరుగుతుంది. జీవితకాలపు కష్టమంతా ఆ పొలంలోనే ఉన్న మనిషి దాన్ని కోరుకోవడం తప్పు కాదు. అయితే ఆ విలువ పుట్టడానికి కారణం ప్రజాధనంతో కట్టిన ఇంటర్‌ఛేంజ్ కాబట్టి, లాభం కొందరికి, లారీల రద్దీ, వరద నీరు మరికొందరికి మిగిలితే అభ్యంతరం చెప్పేవాళ్లు ఉంటారు, ఉండాలి కూడా.

ఇక లా సంగతి. అది గౌరవప్రదమైన దారే, కానీ ఇటువంటి వ్యవహారాల్లో న్యాయవాది సాధారణంగా ఆలస్యంగా అడుగుపెడతారు. నోటీసు సరిగా ఇచ్చారా, అభ్యంతరాలు విన్నారా, నిర్ణయానికి కారణాలు చూపించారా అన్నవి కోర్టులో నిలబడే ప్రశ్నలు. ఆ భూమిలో గోదాములు మంచివా, పొలాలు మంచివా అన్న నిర్ణయాన్ని కోర్టులు చాలావరకు స్థానిక పాలకులకే వదిలేస్తాయి. నిబంధన ఎలా రాశారు, ఎవరికి ఏ అధికారం ఉంది అన్న ప్రశ్నలు మిమ్మల్ని పట్టి లాగితే లా చదవండి. ఈ ఒక్క గొడవలో గెలవడం కోసమైతే చదవకండి, ఎందుకంటే మీ డిగ్రీ చేతికొచ్చేసరికి అది తేలిపోయి ఉండవచ్చు.

మీ ప్రశ్న మాత్రం నాకు ప్లానింగ్ వైపు, దాని పక్కనున్న ఇంజినీరింగ్ వైపు ఎక్కువగా మొగ్గుతున్నట్టు అనిపిస్తోంది. ఆ పని ఎలా ఉంటుందో రెండు లెక్కలతో చూపిస్తాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వర్షం పడితే అది ఒక లీటరు నీరు. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఒకే వానలో 25 మిల్లీమీటర్లు కురిస్తే ఒక్కో ఎకరం మీద లక్ష లీటర్లకు పైగా నీరు పడుతుంది. పొలంలో దానిలో కొంత భాగం ఇంకుతుంది. గోదాము పైకప్పు, కాంక్రీటు పార్కింగ్ అయితే దాదాపు అంతా పారుతుంది. అది చేరేది మ్యాప్‌లో లేని మీ వాగులోకే కావచ్చు. రెండోది రోడ్డు లెక్క. 1958 నుంచి 1960 వరకు ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి చేసిన పరీక్షల ఆధారంగా తేలినదేమిటంటే, ఇరుసు మీద పడే బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లు అవుతుంది. హైవే ఆ బరువుకు తగ్గట్టు కట్టినదే. ఇంటర్‌ఛేంజ్ నుంచి గోదాము గేటు దాకా ఉన్న ఊరి రోడ్డు అలా కట్టినది కాదు. సభలో ‘రోడ్లు పాడవుతాయి’ అనే మాటకూ ఈ లెక్కతో చెప్పే మాటకూ ఎంత తేడా ఉందో గమనించండి.

ఈ లెక్కలు వేసేవాళ్లు ప్రభుత్వ ప్రణాళికా శాఖల్లోనూ, కన్సల్టెన్సీల్లోనూ, స్థానికుల తరఫున నివేదికలు పరిశీలించే పనిలోనూ ఉంటారు. కొత్త కట్టడాల వల్ల రద్దీ ఎంత పెరుగుతుందో అంచనా వేసే ట్రాఫిక్ ప్రభావ నివేదికకు చాలాచోట్ల డబ్బు చెల్లించేది మార్పు కోరే దరఖాస్తుదారే కాబట్టి, దాన్ని స్వతంత్రంగా చదివి తప్పు పట్టగలవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఉద్యోగం గురించి దాచకుండా చెప్పాలంటే, రోజులో ఎక్కువ భాగం ఫైళ్లు, మ్యాప్‌లు, సవరణలతో గడుస్తుంది. సాయంత్రాలు కోపంగా ఉన్న జనం ముందు కూర్చోవలసి వస్తుంది. ప్రజా విధానాల మీద పనిచేసిన అమెరికన్ షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అందులో సమాచారం చెప్పడం మూడో మెట్టు, అభిప్రాయం అడగడం నాలుగోది. మీ సభ ఆ నాలుగో మెట్టు కూడా సరిగా ఎక్కలేదు. ప్లానర్ అయితే ఆ సభను నడిపే బాధ్యత మీదవుతుంది. ఆ ఊహ భయపెడుతోందా, ఆసక్తి కలిగిస్తోందా అని మీరే ఆలోచించుకోండి.

నిర్ణయానికి ముందు ఒక పని చేసి చూడండి. ఊరి రోడ్డు హైవేను కలిసే చోట, దూరంగా భద్రమైన స్థలంలో రెండు గంటలు నిలబడండి. కాగితం మీద ద్విచక్ర వాహనాలు, కార్లు, బస్సులు, లారీలకు వేర్వేరు గడులు గీసి, ప్రతి 15 నిమిషాలకూ విడిగా లెక్క రాయండి. తరువాత ప్రతిపాదనతో జతచేసిన నివేదిక తీసుకుని, వాళ్లు ఏ రోజున, ఏ గంటల్లో లెక్కించారో చూడండి. బడి సెలవుల్లో లెక్కించి ఉంటే ఉదయపు రద్దీ అందులో ఉండదు. ఈ పని విసుగనిపిస్తే లా గురించి ఆలోచించండి. ఇంటికొచ్చాక కూడా ఆ అంకెలు మనసులో తిరుగుతుంటే మీ దారి దాదాపు తెలిసినట్టే.

ఖర్చు విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: పొలం అమ్మకం మీద చదువును ఆధారపడనివ్వకండి. జోన్ మార్పు ఏళ్ల తరబడి సాగవచ్చు, మధ్యలో ఆగిపోవచ్చు. నేరుగా ప్లానింగ్ డిగ్రీలో చేరడమే మార్గం కాదు. ప్రభుత్వ కళాశాలలో సివిల్ ఇంజినీరింగ్ గానీ, భూగోళశాస్త్రం గానీ చదివి, ఆ తరువాత ప్లానింగ్‌లో మాస్టర్స్ చేసినవాళ్లు ఈ రంగంలో చాలామంది ఉన్నారు. ఇప్పుడున్న ఆదాయంతో, స్కాలర్‌షిప్‌తో నడిచే మొదటి మెట్టునే ఎంచుకోవాలని నాన్నగారితో కూర్చుని మాట్లాడండి. ఆ సంభాషణలో వాగు గురించి కూడా ఆయననే అడగండి. దశాబ్దాలుగా ఆ నేల దున్నిన మనిషికి, ఏ వానకు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఏ కన్సల్టెంట్ కన్నా బాగా తెలిసి ఉంటుంది.

తరువాతి సభకు మీ లెక్కల కాగితంతో, వాగు ఫొటోలతో వెళ్లండి. మాట్లాడే ముందు, ఆ సరిహద్దుల్లో మా కుటుంబానికి పొలం ఉంది అని మొదటి వాక్యంలోనే చెప్పండి. సొంత ప్రయోజనం ఉన్న విషయంలో దాన్ని ముందుగా వెల్లడించడం, అధికారిగా ఉంటే ఆ నిర్ణయం నుంచి తప్పుకోవడం ఈ వృత్తిలో మొదటి నియమం. ఆ తరువాత, పోయినసారి జవాబు రాని ప్రశ్నను రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.